ద్వారకానగర్‌లో అమెరికా ఎన్నికల పాఠాలు: లెక్కల్లో మేటి, తీర్పులో వెనుకంజ

విశాఖపట్నం ద్వారకానగర్‌లో బ్యాంకు పరీక్షలకూ గ్రూప్స్‌కూ శిక్షణ ఇచ్చే ఒక సంస్థ, అమెరికా మధ్యంతర ఎన్నికలను (అధ్యక్షుడి నాలుగేళ్ల కాలం మధ్యలో అక్కడి పార్లమెంటైన కాంగ్రెస్‌కు జరిగేవి) దృష్టిలో పెట్టుకుని సాధారణ శ్రోతల కోసం ఆదివారం సాయంత్రాల తరగతులు నడుపుతోంది. పది వారాల కోర్సు, వారానికి రెండు గంటలు, ఫీజు 2,500 రూపాయలు. 2026 నవంబరు 3న ప్రతినిధుల సభలోని 435 స్థానాలకూ సెనేట్‌లోని 35 స్థానాలకూ పోలింగ్ జరగబోతున్నందున ఈ కోర్సుకు గిరాకీ బాగానే ఉంది. మొదటి బ్యాచ్‌లో చేరి చివరి వారం వరకు కూర్చున్న నా అభిప్రాయం ముందే చెబుతాను. ఓటు సీటుగా ఎలా మారుతుందో వివరించడంలో ఈ తరగతికి వంక పెట్టలేం. ఎవరు నిజం చెప్పారు, ఎవరు అబద్ధమాడారు అన్న చోటికి వచ్చేసరికి మాత్రం పాఠం గోడ మీది పిల్లి వాటం అయిపోతుంది.

తరగతికి వచ్చేవారిని చూస్తే ఈ ఊరికి ఆ ఎన్నికలతో ఏం పనో తెలుస్తుంది. స్టీల్ ప్లాంటులోనో పోర్టులోనో పనిచేసి రిటైరై, పిల్లలను డల్లాస్‌కో న్యూజెర్సీకో పంపిన తల్లిదండ్రులే సగం మంది. ఎంఎస్‌కు దరఖాస్తులు పెట్టుకుంటున్న ఇంజనీరింగ్ విద్యార్థులు కొందరు, రొయ్యల ఎగుమతి కంపెనీల ఉద్యోగులు కొందరు, ఇద్దరు ముగ్గురు విలేకరులు. 2025 ఆగస్టు 27 నుంచి భారతదేశపు సరుకుపై అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు, ఆ తరువాతి నెలలో కొత్త హెచ్-1బీ ఉద్యోగ వీసా దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ ట్రంప్ ప్రకటన వెలువడినప్పుడు, ఈ గదిలో ఉన్నవారిలో చాలామంది ఇళ్లలో ఏదో ఒక లెక్క తలకిందులైంది. అందుచేత కాలక్షేపానికి వచ్చినవారు తక్కువ. అటువంటి నిర్ణయాలు చేసే అధికారం ఎవరి చేతికి ఏ దారిన చేరుతుందో తెలుసుకోవాలని వచ్చినవారే ఎక్కువ.

మూడో వారం పాఠం ఈ కోర్సుకే తలమానికం. 2000 అధ్యక్ష ఎన్నికలో బుష్, అల్ గోర్‌ల మధ్య ఓట్ల లెక్కింపుపై రేగిన ఫ్లోరిడా వివాదాన్ని చెప్పడానికి మాస్టారు, అక్కడి ఓటర్లు చిల్లు పొడిచి ఓటేసిన కార్డుల వంటివి, పాత కంప్యూటర్ల కాలం నాటి పంచ్ కార్డులు ఎక్కడి నుంచో సంపాదించి, బ్లేడుతో చిన్న చిన్న గాట్లు పెట్టి, ఒక్కొక్కరికీ ఒక కార్డూ ఒక గుండుసూదీ ఇచ్చారు. పొడిచి చూడమన్నారు. నా కార్డులో కాగితపు ముక్క మూడు మూలలా ఊడి, నాలుగో మూలను పట్టుకుని వేలాడింది. పక్కాయన కార్డులో అసలు ఊడనే లేదు, చిన్న సొట్ట మాత్రం పడింది. "ఇది ఓటేనా? చెప్పండి" అని మాస్టారు ఆ రెండు కార్డులనూ ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకుంటే గది రెండుగా చీలిపోయింది. సుమారు 60 లక్షల ఓట్లు పోలైన ఫ్లోరిడాలో బుష్ ఆధిక్యం చివరికి 537గా నిలిచిందనీ, కౌంటీ (మన జిల్లా వంటిది) అధికారులు కార్డులను ఇలాగే వెలుతురుకు పట్టి వారాల తరబడి వాదించుకున్నారనీ, డిసెంబరు 12న సుప్రీంకోర్టు 5–4 తేడాతో ఆ లెక్కింపునకు తెరదించిందనీ ఆ తరువాత చెప్పినప్పుడు, పుస్తకంలో పది సార్లు చదివినా పట్టుబడని సంగతి పది నిమిషాల్లో పట్టుబడింది. దేశం మొత్తం మీద అల్ గోర్‌కు ఐదు లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా, రాష్ట్రాలవారీగా అధ్యక్షుణ్ణి తేల్చే ఎలక్టోరల్ ఓట్లలో 271–266తో బుష్ అధ్యక్షుడయ్యారు. కౌంటీకో ప్రమాణం ఉండటం అన్యాయమన్న కోర్టు వాదనలో బలం ఉందనే నేనూ అనుకుంటాను. అయితే దానికి మందు అందరికీ ఒకే ప్రమాణం పెట్టి లెక్కించడం. గడువు దాటిపోయిందంటూ లెక్కే ఆపేయడం కాదు. మాస్టారు ఈ మాట అనలేదు. విద్యార్థి అడిగితే "కోర్టు చెప్పింది కదా" అని ఊరుకున్నారు. ఈ వైఖరి గురించి మళ్లీ చెబుతాను.

ఎలక్టోరల్ కాలేజీ గణితం కూడా అంతే శ్రద్ధగా సాగింది. మొత్తం 538 ఓట్లు, గెలుపునకు 270 కావాలన్నది పత్రికలు చదివే ప్రతివారికీ తెలిసిందే. దాని వెనుక ఉన్న అసమానత మాత్రం అంకెల్లో చూస్తే గాని గుండెకు తగలదు. 2020 జనగణన ప్రకారం వయోమింగ్ జనాభా 5.77 లక్షలు, 2011 లెక్కల్లోనే 17 లక్షలు దాటిన విశాఖ నగరంలో అది మూడో వంతు. ఆ రాష్ట్రానికి 3 ఎలక్టోరల్ ఓట్లున్నాయి. 3.95 కోట్ల మంది ఉన్న కాలిఫోర్నియాకు 54. అంటే వయోమింగ్‌లో సుమారు 1.92 లక్షల మందికి ఒక ఎలక్టోరల్ ఓటు, కాలిఫోర్నియాలో సుమారు 7.32 లక్షల మందికి ఒకటి. 2016లో హిల్లరీ క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ వచ్చినా ఓడిపోవడం, 2020లో బైడెన్ 70 లక్షల పైచిలుకు ఆధిక్యంతో ఉన్నా అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్‌లలో కలిపి 43 వేల లోపు ఓట్ల తేడాతో బయటపడటం ఈ చట్రంలోనే జరిగాయి. ఆ మూడు రాష్ట్రాలూ అటు తిరిగి ఉంటే లెక్క 269–269 దగ్గర ఆగి, అధ్యక్షుణ్ణి ప్రతినిధుల సభ రాష్ట్రానికో ఓటు చొప్పున ఎన్నుకోవలసి వచ్చేదని చెప్పినప్పుడు ముందు వరుసలోని ఒక పెద్దాయన "అంటే మాస్టారూ, వయోమింగ్‌కీ ఒకటే, కాలిఫోర్నియాకీ ఒకటేనా?" అని రెండుసార్లు అడిగారు. అవును, ఒకటే.

2024లో ట్రంప్ ఎటైనా మొగ్గగల ఏడు స్వింగ్ రాష్ట్రాలనూ గెలిచి 312–226తో నెగ్గారు. ఈసారి దేశవ్యాప్త ఓట్లలో కూడా ఆయనే ముందున్నారు, సుమారు ఒకటిన్నర శాతం తేడాతో. ఆ తేడాను ప్రభంజనం అన్న మన టీవీ చర్చలను గుర్తుచేస్తూ మాస్టారు ఒక మంచి పని చేశారు: అదే ఏడాది గాజువాక అసెంబ్లీ స్థానంలో వచ్చిన 95,235 ఓట్ల మెజారిటీని బోర్డు మీద రాసి, ప్రభంజనం అంటే ఇదీ అన్నారు. గదిలో చాలామంది గాజువాక వాళ్లే కావడంతో చప్పట్లు కూడా పడ్డాయి.

అమెరికాలో ఎన్నికలు ఎవరు నడుపుతారన్న పాఠం మనవారికి అన్నిటికన్నా విడ్డూరంగా తోచింది. మన రాజ్యాంగంలోని 324వ అధికరణం కింద ఉన్న ఎన్నికల సంఘం వంటిది అక్కడ లేదు. ఫెడరల్ ఎలక్షన్ కమిషన్ అన్న పేరు విని పొరబడటం సహజం. అది ప్రచార నిధులను మాత్రమే పర్యవేక్షిస్తుంది. అందులో ఆరుగురు సభ్యులు ఉండాలి, ఒకే పార్టీవారు ముగ్గురికి మించరాదు, ముఖ్య నిర్ణయానికి నాలుగు ఓట్లు కావాలి. 2025లో అయితే దానికి కోరమే లేకుండా పోయింది. పోలింగ్ నిర్వహణ అంతా రాష్ట్రాలది, కౌంటీలది. చాలా రాష్ట్రాల్లో ఆ పనికి పెద్దగా ఉండే సెక్రటరీ ఆఫ్ స్టేట్ స్వయంగా ఒక పార్టీ టికెట్ మీద గెలిచినవారే. ఫలానా వారు గెలిచారని ఆ రాత్రి లోకానికి చెప్పేది కూడా ప్రభుత్వం కాదు, వార్తాసంస్థలు. 2024లో ట్రంప్ గెలుపును అసోసియేటెడ్ ప్రెస్ ప్రకటించినప్పుడు విశాఖలో నవంబరు 6 సాయంత్రం నాలుగు దాటింది. మన సంఘం మీద మనకున్న ఫిర్యాదులు తక్కువేమీ కావు. అయినా ఆటగాడే అంపైరుగా నిలబడే పద్ధతిని దగ్గరగా చూశాక, తిట్టడానికైనా ఒక సంఘం ఉండటం ఎంత మేలో తెలిసివస్తుంది.

ఆ రోజే నమూనా బ్యాలట్ పంచారు. అరిజోనాలోని మారికోపా కౌంటీలో 2024 బ్యాలట్ రెండు కాగితాలకు పాకింది. అధ్యక్షుడి పేరుతో మొదలై సెనేటరు, న్యాయమూర్తులు, పాఠశాల బోర్డు, రాష్ట్ర ప్రతిపాదనలు ఇలా రెండు వైపులా చిన్న అక్షరాలతో నిండిన ఆ కాగితంలో ప్రతి గడి పక్కనా కోడిగుడ్డు ఆకారంలో ఉండే ఖాళీని పెన్నుతో పూర్తిగా నల్లగా దిద్దాలి. బటన్ నొక్కి బీప్ శబ్దం విని ఇంటికొచ్చే అలవాటు ఉన్న మాకు ఒక పక్క నింపేసరికే విసుగొచ్చింది. అక్కడ లెక్కింపు రోజుల తరబడి ఎందుకు సాగుతుందో, తపాలా కవరు మీది సంతకాన్ని పాత సంతకంతో సరిచూడటానికి ఎంత సమయం పడుతుందో ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది.

ఇక నియోజకవర్గాల సరిహద్దుల పాఠం. విషయం మంచిది, సరంజామా దరిద్రంగా ఉంది. 1812లో మసాచుసెట్స్ గవర్నరు ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ పేరు మీదుగా వచ్చిన జెర్రీమాండరింగ్ (పార్టీ లాభం చూసుకుని సరిహద్దులు గీయడం) నుంచి, పార్టీ లాభం కోసం గీసిన పటాలను సరిదిద్దడం ఫెడరల్ కోర్టుల పని కాదని 2019లో సుప్రీంకోర్టు 5–4తో ఇచ్చిన తీర్పు వరకు, అక్కడి నుంచి 2025లో టెక్సాస్ జనగణనతో పని లేకుండా మరో ఐదు రిపబ్లికన్ స్థానాల కోసం పటాన్ని తిరగరాయడం, దానికి జవాబుగా అదే ఏడాది నవంబరు 4న కాలిఫోర్నియా ఓటర్లు తమ పటాన్ని డెమొక్రాట్లకు అనుకూలంగా మార్చే ప్రతిపాదనను ఆమోదించడం వరకు కథను ఆసక్తిగా నడిపించారు. 2024లో ప్రతినిధుల సభ రిపబ్లికన్లకు అనుకూలంగా 220–215గా తేలిందంటే ఐదు స్థానాల విలువ ఏపాటిదో ఊహించుకోవచ్చు. కానీ చేతికిచ్చిన పటాలన్నీ నలుపు తెలుపు జిరాక్సులు. రిపబ్లికన్ల ఎరుపు, డెమొక్రాట్ల నీలం రెండూ ఒకే బూడిద రంగులోకి దిగిపోతే ఏ నియోజకవర్గం ఎవరిదో పోల్చుకోవడం ఎలా? ఫోన్లు తీసి వెతుక్కోమన్నారు. 2,500 తీసుకున్నవారు పది రూపాయల రంగుల కాగితానికి వెనకాడటం పిసినారితనమే. నియోజకవర్గాల పునర్విభజన మన దక్షిణాది రాష్ట్రాలకు రేపో మాపో రాబోయే తలనొప్పి కనుక ఈ పాఠానికి ఇంకో ఆదివారం కేటాయించినా ఎవరూ కాదనరు.

సుంకాల పాఠం అనుకోకుండా పుట్టింది. రొయ్యల కంపెనీలో పనిచేసే ఒకాయన లేచి, "మాస్టారూ, వనామీ కౌంటు ధర భీమవరంలో ఎందుకు పడిపోయిందో రైతుకు చెప్పలేక చస్తున్నామండీ. పన్ను వేసే హక్కు కాంగ్రెస్‌దే అంటిరి, మరి ఆయనొక్కడే ఎలా వేశాడు?" అని అడిగారు. వారం ప్రణాళికను పక్కన పెట్టి మాస్టారు దాదాపు గంటసేపు దీనికే జవాబిచ్చారు. సుంకాలు విధించే అధికారం రాజ్యాంగం మొదటి అధికరణంలో కాంగ్రెస్‌కే ఉంది. 1977 నాటి అత్యవసర ఆర్థిక అధికారాల చట్టాన్ని ఆధారం చేసుకుని ట్రంప్ దాన్ని తన చేతికి తెచ్చుకున్నారు. ఆ చట్టంలో సుంకం అన్న ప్రస్తావనే లేదన్నది ఎదుటివారి వాదన. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాంగ్రెస్‌లో మెజారిటీ ఎవరిదన్న ప్రశ్న పశ్చిమగోదావరి చెరువుగట్టు మీద ఎందుకు వినబడుతుందో ఆ గంటలో తేటతెల్లమైంది. కోర్సు మొత్తం ఇలాగే ఉంటే నాకు ఫిర్యాదే ఉండేది కాదు.

ఏడో వారం 'అమెరికా రాజకీయాల్లో మనవాళ్లు'. ఫీజులో ఈ భాగం వెనక్కి అడగాలనిపించింది. ఉషా చిలుకూరి వాన్స్ పూర్వికుల ఊరు గోదావరి ప్రాంతంలోని వడ్లూరు కావడం, మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అరుణా మిల్లర్ హైదరాబాదులో పుట్టడం, 2025లో వర్జీనియా లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచిన గజాలా హాష్మీదీ హైదరాబాదే కావడం, కమలా హారిస్ తల్లిది తమిళనాడు కావడం: ఇవన్నీ చెప్పుకోదగ్గ సంగతులే, ఐదు నిమిషాల పాటు. రెండు గంటలు పెళ్లిసంబంధాల ధోరణిలో ఇంటిపేర్లూ ఊళ్లూ ఏకరువు పెట్టి, ఆ మనుషులు దేనికి ఓటేశారో, ఏ బిల్లు తెచ్చారో ఒక్క ముక్క చెప్పకపోవడం ఏం పాఠం? వడ్లూరు ఆడపడుచు భర్త ఉపాధ్యక్షుడైన ప్రభుత్వమే హెచ్-1బీ మీద లక్ష డాలర్లు వేసింది. చుట్టరికం ఓటుకు దారి చూపదని ఇంతకన్నా గట్టి ఉదాహరణ దొరకదు, కానీ ఆ మాట ఎత్తిన కుర్రాణ్ణి "రాజకీయాలు వద్దు బాబూ" అని కూర్చోబెట్టారు. రాజకీయాల తరగతిలో!

అసలు జబ్బు ఎనిమిదో వారంలో బయటపడింది. 2020 ఎన్నికలో మోసం జరిగిందన్న ఆరోపణ మీద "ఎవరి వాదన వారిది, నిర్ణయం మీకే వదిలేస్తున్నాను" అన్నారు. ఇది తటస్థత కాదు, తప్పించుకోవడం. ట్రంప్ పక్షం వేసిన అరవై దాకా దావాలు ఒకటీ అరా తప్ప కోర్టుల్లో వీగిపోయాయి. వాటిని కొట్టేసిన న్యాయమూర్తుల్లో ఆయన నియమించినవారూ ఉన్నారు. జార్జియా దాదాపు 50 లక్షల ఓట్లను చేత్తో మళ్లీ లెక్కించినా ఫలితం మారలేదు. ఫలితాన్ని తిప్పగల స్థాయిలో మోసం కనబడలేదని ట్రంప్ అటార్నీ జనరల్ (న్యాయశాఖ అధిపతి) విలియం బార్ 2020 డిసెంబరు 1నే చెప్పారు. 11,780 ఓట్లు వెతికిపెట్టమని 2021 జనవరి 2న ట్రంప్ ఫోన్ చేసింది జార్జియాలోని సొంత పార్టీ సెక్రటరీ ఆఫ్ స్టేట్ బ్రాడ్ రాఫెన్స్‌పెర్గర్‌కే, ఆయన లొంగలేదు. నాలుగు రోజుల తరువాత కాంగ్రెస్ భవనమైన కాపిటల్ మీద ట్రంప్ మద్దతుదారుల దాడి జరిగింది. ఇన్ని రికార్డులు బల్లమీద ఉండగా రెండు వైపులా సమానమైన వాదన ఉన్నట్టు నటించడం విద్యార్థికి చేసే అన్యాయం. ఓటమిని ఒప్పుకోకుండా గుంపును రెచ్చగొట్టిన నాయకుడు తప్పు చేశాడని చెప్పడానికి ఏ పార్టీలోనూ సభ్యత్వం అక్కరలేదు.

ఇదే వైఖరి రెండో వైపుకూ పనికొచ్చింది. బైడెన్ వయసు సంగతి వచ్చినప్పుడు ట్రంప్ ఎదుట ఆయన తడబడిన 2024 జూన్ 27 డిబేట్‌ను 'ఒక చెడ్డ రాత్రి'గా దాటేశారు. ఆయన జ్ఞాపకశక్తి గురించి ప్రత్యేక న్యాయవాది రాబర్ట్ హర్ నివేదిక ఫిబ్రవరిలోనే ప్రస్తావించింది. డెమొక్రాటిక్ పెద్దలు దాన్ని పక్షపాతమని కొట్టిపారేశారు, పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీల్లో గట్టి పోటీ లేకుండా చూసుకున్నారు, జూలై 21న ఆయన తప్పుకున్నాక ఆయన బదులు బరిలోకి దిగిన హారిస్‌కు ప్రచారానికి మిగిలింది 107 రోజులు. ఓటరు కళ్లకు కనబడుతున్నదాన్ని లేదని నమ్మించబోయిన పార్టీ ఆ ఓటరు తమను నమ్మలేదని వాపోవడంలో అర్థం లేదు. ట్రంప్‌ను విమర్శించేవారే ఈ మాట ఎక్కువ గట్టిగా అనాలి. తరగతిలో అది కూడా రాలేదు.

శిక్షల పాఠం ఫరవాలేదు. 2024 మే 30న న్యూయార్క్ జ్యూరీ ట్రంప్‌ను 34 అభియోగాల్లో దోషిగా తేల్చినా ఆయన పోటీకి అడ్డం లేకపోయింది, ఎందుకంటే రాజ్యాంగం అడిగేవి జన్మతః పౌరసత్వం, 35 ఏళ్ల వయసు, 14 ఏళ్ల నివాసం. రెండేళ్లు, ఆపైన శిక్ష పడితే పోటీకి అనర్హులను చేసే మన 1951 ప్రజాప్రాతినిధ్య చట్టంతో పోల్చి చూపారు, బాగుంది. అధికారిక చర్యలకు మాజీ అధ్యక్షుడికి క్రిమినల్ కేసుల నుంచి రక్షణ ఉంటుందని 2024 జూలై 1న 6–3తో వచ్చిన తీర్పును మాత్రం హడావుడిగా ముగించారు. డబ్బు గురించిన పాఠం కూడా పలచనే: ఎన్నికల ప్రచారంపై కంపెనీల ఖర్చుకు పరిమితి ఎత్తేసిన 2010 నాటి సిటిజన్స్ యునైటెడ్ తీర్పు, ఎలాన్ మస్క్ 2024లో కుమ్మరించిన 25 కోట్ల డాలర్ల పైచిలుకు సొమ్ము, అంతే. మన ఎలక్టోరల్ బాండ్లను 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కొట్టేసిన సంగతితో పోల్చి చెప్పి ఉంటే మనం వాళ్లను చూసి నవ్వుకునే అవకాశం ఉండేది కాదు.

చేరదలచినవారికి రెండు మూడు విషయాలు. తరగతి మూడో అంతస్తులో, లిఫ్ట్ తరచు పనిచేయదు. మోకాళ్ల నొప్పులున్నవారు ముందే కనుక్కోవాలి. ఆరింటికన్న పాఠం ఆరున్నరకు గాని మొదలుకాదు. ఏడో వారం మానేసినా నష్టం లేదు, మూడో వారం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ మానకూడదు. ఎవరో ఒకరు గెలుస్తారని పందెం కాయడానికి సమాచారం కావాలనుకునేవారు అసలు వెళ్లనక్కరలేదు. నవంబరు 4 తెల్లవారుజామున ఫలితాలు చూస్తూ ప్రత్యేక తరగతి పెడతామని, దానికి 300 రూపాయలు విడిగా కట్టాలని నోటీసు అంటించారు. తూర్పు రాష్ట్రాల్లో పోలింగ్ ముగిసేది మన లెక్కన ఉదయం ఐదున్నర ప్రాంతంలో కనుక ఆ వేళకు రమ్మనడంలో తప్పు లేదు. అయితే కాలిఫోర్నియా తపాలా ఓట్ల లెక్కింపు వారాల తరబడి సాగే అలవాటున్నది కాబట్టి, పోటీ దగ్గరగా ఉంటే సభ ఎవరిదో ఆ ఉదయం తేలకపోవచ్చు. ఆ సంగతి నోటీసులో రాయలేదు. ఇడ్లీ, కాఫీ ఇస్తామని మాత్రం రాశారు.